వీడియోలో లేని కేక

"నిన్న క్యాంటీన్లో సాతేర్ మీద అంత గట్టిగా ఎందుకు అరిచావు?"

వాండూ మళ్ళీ నేల చూపులు చూసింది. అదే ప్రశ్న నేను నాలుగోసారి అడుగుతున్నాను. మిగతా ఏ ప్రశ్నకైనా గబగబా జవాబిస్తుంది, దీని దగ్గరికొచ్చేసరికి మాత్రం నీళ్ళు నములుతుంది. నాకసలే ఓపిక తక్కువ. కూర్చున్న చోట కాలు ఊపకుండా ఉండలేను. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పైఅధికారులు నన్ను తిట్టిన తిట్లలో సగం ఆ కాలు గురించే. ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు పట్టడం మొదలుపెట్టాక కూడా ఆ కాలు మారలేదు. జేబులోంచి వక్కలా నమిలే కోలా గింజ ఒకటి తీసి కొరికాను.

వాండూ కంప్యూటర్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్ల. రాత్రంతా సెక్యూరిటీ ఆఫీసు వెనక గదిలో బెంచీ మీద కూర్చోబెట్టారు. అయినా తెల్ల చొక్కా, నల్ల స్కర్టు వేసుకుని ఉంది. పొద్దున్నే రూమ్మేట్‌తో తెప్పించుకుందట. పరీక్షకుల ముందు ప్రాజెక్టు డిఫెన్సుకి వెళ్ళేవాళ్ళు వేసుకునే బట్టలవి. ఆ చొక్కాకున్న ఇస్త్రీ మడత ఇంకా చెక్కుచెదరలేదు.

"ఆంటీ, రెండు గంటలకి నా డిఫెన్స్. అప్పటికి వదిలేస్తారు కదా?"

"రెండు గంటలకి టౌన్ నుంచి పోలీసు బండి వస్తుంది," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మేజర్ అక్పేరా. "నీ డిఫెన్సేదో అక్కడ చెప్పుకో."

ఈయన సైన్యంలో రిటైరై యూనివర్సిటీ సెక్యూరిటీకి పెద్ద అధికారిగా వచ్చాడు. మీసం, చేతికర్ర, అనుమానం, ఈ మూడింటినీ కిందపెట్టి నేనెప్పుడూ చూడలేదు.

"మేజర్ గారూ, విచారణ మీరు చేస్తానంటే చెప్పండి, నేను వెళ్ళి గేటు కాస్తాను."

"కాయండి. ఆ పనైనా సరిగా జరుగుతుంది. మీ ఓటుక్పో ఊరివాళ్ళకి అడిగిందే అడగడం రోగమా ఏమిటి? దోషి ఎదురుగా కూర్చుని ఉంటే ఇంకా కూపీ లాగుతున్నారు."

జరిగింది ఇదీ. నిన్న సోమవారం సాయంత్రం నాలుగవుతుండగా మూడో అంతస్తులోని ప్రాజెక్టు ల్యాబులో సాతేర్ అనే కుర్రాడు కరెంటు షాక్ కొట్టి పడి ఉన్నాడు. అరచేతులు రెండూ కాలిపోయాయి. అతన్ని మొదట చూసింది వాండూ. ఇద్దరిదీ ఒకే ప్రాజెక్టు. ల్యాబు తాళం ఆమె చేతిలో ఉంది. ఇద్దరూ కలిసి ఏడాదిగా తయారు చేసిన బోర్డు మాయమైంది. మధ్యాహ్నమే క్యాంటీన్లో ఇద్దరూ కేకలేసుకున్నారు. మేజర్‌కి ఇంకేం కావాలి?

సాతేర్ క్యాంపస్ క్లినిక్‌లో స్పృహ లేకుండా ఉన్నాడు. సిలిండర్లు నింపుకు రావడానికి ఊళ్ళోకి పోయిన బండి ఇంకా తిరిగి రాలేదు. అందుకని కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం పెట్టారు. ఆ గతుకుల రోడ్డు మీద పెద్దాసుపత్రికి తీసుకెళ్తే దారిలోనే పోతాడని డాక్టరు చెప్పాడు. నన్ను పిలిపించింది సాతేర్ వాళ్ళమ్మే. "ఆ పిల్ల నా చేతి కూర తిన్న పిల్ల. నా కొడుక్కి కీడు చెయ్యదు. చేసినవాడెవడో చూడు లాడీ," అంది. కన్నతల్లే అలా అన్నాక నేను మేజర్ మాట ఎలా నమ్ముతాను?

"నువ్వు వెళ్ళేసరికి ఏం కనిపించిందో మళ్ళీ చెప్పు."

"మెట్లెక్కుతున్నప్పుడు కరెంటొచ్చింది ఆంటీ. హాస్టళ్ళన్నీ ఒకటే అరుపులు. పైకెళ్ళాను. తలుపు ఓరగా తీసుంది. ల్యాబులో మాత్రం లైట్లు వెలగలేదు. సాతేర్ కింద పడున్నాడు. గోడ మీది మెయిన్ స్విచ్చి దించేసి ఉంది."

"నువ్వే దించావా?"

"లేదు. నేను చూసేసరికే దించుంది."

"షాకిచ్చింది, పని అయ్యాక దించింది," అన్నాడు మేజర్.

"మీ ప్రాజెక్టు ఏం చేస్తుంది?"

ఆమె కళ్ళు ఒక్కసారి పైకి లేచి మళ్ళీ కిందికి వాలాయి. "కరెంటు పోతే జనరేటర్‌ని దానంతటదే స్టార్ట్ చేస్తుంది. కరెంటొస్తే దాన్ని ఆపేసి మళ్ళీ లైన్ మీదికి మారుస్తుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఏడాది కష్టపడి చేసిన వస్తువు గురించి ఎవరూ అలా చెప్పరు. అక్కడేదో ఉంది. ఏమిటో మాత్రం నాకప్పుడు అంతుబట్టలేదు.

"మేజర్ గారూ, ల్యాబు తాళం తెరిపించండి."

* * *

ల్యాబులో స్టూళ్ళన్నీ బోర్లించి బల్లల మీద పెట్టి ఉన్నాయి. బయటి పరీక్షకులు వస్తున్నారని శనివారమే నేల కడిగించి అలా పెట్టారట. నిన్నటి నుంచి తానెవరినీ లోపలికి రానివ్వలేదని మేజర్ ఛాతీ విరిచి చెప్పాడు. ఈ ఒక్క పనికి మాత్రం ఆయన్ని మెచ్చుకున్నాను, మనసులోనే.

కిటికీ పక్క బల్ల మీద మూత తీసిన చెక్కపెట్టె ఉంది. బోర్డు ఉండాల్సిన చోట ఖాళీ. గోడ ప్లగ్గు నుంచి వచ్చిన రెండు వైర్లు కొసల దగ్గర రాగి బయటపడి వేలాడుతున్నాయి. పెట్టె పక్కన సోడా సీసా మూత ఒకటి. అందులో చిన్న చిన్న స్క్రూలు నాలుగు.

"ఇది చూశారా?"

"చెత్త."

"దొంగతనానికి వచ్చినవాడు పెట్టెను పగలగొట్టి బోర్డు పీక్కుపోతాడు. వీడు స్క్రూలు విప్పి మూతలో పోసి పెట్టాడు. ఎందుకు?"

"ఎందుకంటే ఆ పిల్ల పద్ధతి గల దొంగ," అన్నాడు మేజర్. "ఇక్కడి వాళ్ళందరికీ అదే అలవాటు. స్క్రూ పోతే ల్యాబ్ అసిస్టెంటు ఒక రోజంతా తిడతాడు. అందుకే ప్రతివాడూ సీసా మూతలు దాచుకుంటాడు. వాండూ కూడా ఈ క్లాసు పిల్లే కదా?"

అది నిజమే. నేను మెయిన్ స్విచ్చి వైపు నడిచాను. అది గోడకి పైన, అల్మారా కన్నా ఎత్తులో ఉంది. చెయ్యి చాపాను. అందలేదు. మునివేళ్ళ మీద లేచాను. ఊహూ.

"మేజర్ గారూ, మీరొకసారి అందుకోండి."

ఆయన విసుక్కుంటూ వచ్చి చెయ్యెత్తాడు. ఆరడుగుల మనిషి. ఆయన కూడా మడమలు లేపితే గానీ మీట చేతికి రాలేదు.

"వాండూ నా భుజం దాకా వస్తుంది," అన్నాను. "నాకే అందనిది దానికెలా అందింది?"

"స్టూలెక్కింది."

"స్టూళ్ళన్నీ బల్లల మీదే ఉన్నాయి. ఎవరినీ ముట్టుకోనివ్వలేదని మీరే చెప్పారు. సాతేర్ ప్రాణం పోతుంటే స్టూలు దించుకుని, ఎక్కి, మీట దించి, మళ్ళీ తుడిచి బోర్లించి పెట్టిందంటారా?"

"కర్రతో లాగింది."

"ఏ కర్ర? ఈ గదిలో ఉన్న కర్ర మీ చేతిలోది ఒక్కటే."

మేజర్ మీసం వణికింది. బయట వరండాలో ఉన్న కాపలావాళ్ళకు వినపడిందేమోనని వెనక్కి చూసుకున్నాడు.

"ఇంకొకటి వినండి," అన్నాను. "చంపాలనుకున్నవాడైతే మీట దించడు. కరెంటు అలాగే పారనిస్తాడు. సాతేర్ ఇవాళ బతికి ఉన్నాడంటే ఎవరో ఆ క్షణంలో ఇక్కడ ఉండి మీట దించారు కాబట్టి. దించి పారిపోయారు. ఈ క్లాసువాడే, స్క్రూలు పారెయ్యడానికి చేతులు రానివాడు. చాలా పొడుగువాడు. అలాంటి వాళ్ళెవరున్నారు?"

మేజర్ వరండా వైపు తలుపు దగ్గరికేశాడు. చెప్పక తప్పదనిపించాక గొంతు తగ్గించాడు.

"లూపర్ ఉన్నాడు. క్లాసు కెప్టెను. బాస్కెట్‌బాల్ ఆడతాడు. కానీ వాడు కాదు. క్యాంటీన్ గొడవ గురించి నాకు చెప్పిందే వాడు. పైగా నిన్న మూడింటి నుంచి నాలుగు దాటేదాకా గదిలోనే ఉన్నాడు. డిఫెన్స్ ప్రాక్టీసు చేస్తూ వీడియో తీసుకున్నాడు. ఆసాంతం నేను చూశాను."

"మీరు అడిగితే చూపించాడా?"

"నేనడక్కముందే తెచ్చి చూపించాడు. మంచి పిల్లాడు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం విన్నాం గానీ, ఎవరూ అనకముందే తడుముకునేవాణ్ణి మంచి పిల్లాడనడం మేజర్‌కే చెల్లింది.

"పదండి, ఆ మంచి పిల్లాణ్ణి చూద్దాం."

* * *

లూపర్ తలుపు తీస్తూనే తల వంచి నమస్కారం చేశాడు. తలుపు కమ్మీ తగలకుండా ఉండాలంటే వాడెలాగూ వంచాలి. గదిలో రెండు మంచాలు, ఒక బల్ల. పైన ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద ప్లగ్గుల పట్టీలో ఎర్ర దీపం వెలుగుతోంది. దానికి ల్యాపుటాపు, ఫోను, నీళ్ళు కాచే కెటిలు, ఇంకా ఎవరెవరివో చార్జర్లు గుచ్చి ఉన్నాయి.

"సాతేర్‌కి ఎలా ఉంది మేడమ్?" అడిగాడు. ఆ ప్రశ్న నిజంగానే అడిగాడు. అడిగాక పెదవి తడుపుకున్నాడు.

"బతికే ఉన్నాడు. నీ వీడియో చూపించు."

ఫోను నా చేతికిచ్చాడు. వీడియోలో వాడు బల్ల ముందు కూర్చుని ల్యాపుటాపు తెర చూపిస్తూ తన ప్రాజెక్టు గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. తెర మూలన తేదీ, సమయం కనిపిస్తున్నాయి. సోమవారం. మూడు దాటింది. మాట తడబడితే మళ్ళీ మొదలుపెడుతున్నాడు తప్ప, వీడియో ఎక్కడా ఆగలేదు, అతకలేదు.

మంచం మీద కూర్చున్నాను. కాలు ఊగుతూనే ఉంది. వాడు చెప్పేది నాకు సగం అర్థం కాలేదు, నాకది అక్కర్లేదు కూడా. వీడియోని ముందుకి జరిపి మూడున్నర దగ్గర పెట్టి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. నాలుగయ్యేదాకా విన్నాను. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను.

"ఎన్నిసార్లు చూస్తారు?" అన్నాడు మేజర్. "గడియారం కనబడుతూనే ఉంది కదా?"

"చూడ్డం లేదు, వింటున్నాను. మీరూ వినండి. ఏం వినిపిస్తోంది?"

"వీడి ఉపన్యాసం."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"అదే నేనూ అనేది. మేజర్ గారూ, నిన్న కరెంటు ఎప్పుడొచ్చింది?"

"మూడూ ముప్పావుకి. అందరికీ తెలుసు."

"వచ్చినప్పుడు మీరేం చేశారు?"

ఆయన దగ్గాడు. "ఆఫీసులో ఉన్నాను."

"ఏం చేశారని అడిగాను."

"బయటికొచ్చి… అరిచాను. అందరూ అరిచారు, నేనూ అరిచాను. అరవడం నేరమా?"

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మూడు వారాలైంది. నెలాఖరుకి గానీ కరెంటు రాదన్నారు. ఫోను చార్జింగు కోసం పిల్లలు గేటు బయట జనరేటరున్న క్షౌరశాల దగ్గర వరస కట్టారు. రోజువారీ గంట సేపు పోయి వస్తేనే చప్పట్లు కొట్టి గోల చేసే జనం మేము. మూడు వారాల తర్వాత వస్తే చెప్పాలా? ఈ ఒక్క హాస్టల్లోనే నాలుగు వందల మంది కుర్రాళ్ళు. ఒకడు పళ్ళెం కొట్టాడట, ఒకడు లుంగీ ఊడిందని కూడా చూసుకోకుండా వరండాలో గెంతాడట. ఆ సమయానికి నేను నది అవతల సంతలో టమాటాలు బేరమాడుతున్నాను. కేక అక్కడికి వినిపించింది. టమాటాలమ్మి బేరం వదిలేసి తనూ చప్పట్లు కొట్టింది.

"లూపర్," అన్నాను. "నదికి అవతల నాకు వినిపించిన కేక, ఇదే గదిలో కూర్చున్న నీ ఫోనుకి వినపడలేదా?"

వాడు ఫోను కోసం చెయ్యి చాపాడు.

"ఇది కూడా చూడు." వీడియోలో వాడి మోచేతి వెనక అదే ప్లగ్గుల పట్టీ ఉంది. "మనమెవరం స్విచ్చిలు ఆపం. ఎప్పుడొస్తుందో ఏమోనని అన్నీ వేసే ఉంచుతాం. మూడూ ముప్పావు దాటి నాలుగైనా ఈ ఎర్ర దీపం వెలగలేదు. ఈ వీడియో ఎప్పుడు తీశావో నేను చెప్పనా? ఆదివారం పొద్దున, హాస్టలంతా చర్చికి పోయినప్పుడు. ల్యాపుటాపులో తేదీ మార్చి కూర్చున్నావు. నీ చదువుకి అది చిటికెలో పని."

లూపర్ మంచం అంచు పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి నేల మీద ముడుచుకుపోతే చూడబుద్ధి కాలేదు.

"కరెంటొస్తుందని ఎవరనుకున్నారు మేడమ్?" అన్నాడు. "మూడు వారాలు. దేవుడి మీద ఒట్టు, ఎవరూ అనుకోలేదు."

వాడి తప్పంతా అక్కడే ఉంది. వేరే ఊళ్ళో వేరే దొంగైతే కరెంటు ఉంటుందనుకుని లెక్క వేసుకుంటాడు. మావాడు ఉండదనుకుని వేసుకున్నాడు.

"బోర్డు ఎందుకు తీశావు?"

"డాక్టర్ ఇక్యాన్ తెమ్మన్నారు."

మేజర్ చేతికర్ర నేలకి తగిలింది. ఇక్యాన్ అంటే వాండూ, సాతేర్‌ల ప్రాజెక్టు గైడు.

"గైడు గారికి కావాలంటే అడిగి తీసుకోవచ్చు కదా?"

"అడిగారు మేడమ్. పోయిన నెల వాళ్ళు డెమో చూపించినప్పుడు సార్ మురిసిపోయారు. వీసీ గారి దగ్గర తను చేసినట్టే చెప్పుకున్నారు. తర్వాత బోర్డు ఇమ్మంటే సాతేర్ ఇంకా పనుంది, ఇంకా పనుంది అంటూ రోజులు గడిపాడు. సార్‌కి కోపమొచ్చింది. నాకు ల్యాబు తాళం ఇచ్చి సోమవారం తెచ్చెయ్యమన్నారు. ఆయన సబ్జెక్టులో నేను రెండేళ్ళుగా పోతున్నాను. ఈసారీ పోతే నాకిక డిగ్రీ లేదు. మా ఇంట్లో ఇప్పటికే నాకు పార్టీ చెయ్యాలని మేకని కట్టేశారు."

"తర్వాత?"

"స్క్రూలు విప్పాను. బోర్డు సంచిలో వేసుకున్నాను. వైర్లు ఊరికే వదిలేశాను. కరెంటు లేదు కదా, మెయిన్ దించడం ఎందుకనుకున్నాను. మెట్లు దిగుతుంటే సాతేర్ ఎదురొచ్చాడు. 'ఎక్కడికి కెప్టెన్?' అని నవ్వాడు. నేనూ నవ్వాను. సగం మెట్లు దిగానో లేదో కేకలు మొదలయ్యాయి. నేను కూడా అరిచాను మేడమ్. సంతోషంతో చెయ్యెత్తి అరిచాను. పైన ధబ్బుమని వినిపించాకే వైర్లు గుర్తొచ్చాయి." వాడు రెండు చెవులూ మూసుకున్నాడు. "అంత గోలలో సాతేర్ అరిచాడో లేదో కూడా నాకు తెలీదు."

"పరిగెత్తి మీట దించావు."

"దించాను. ఊపిరి చూశాను. ఇంతలో మెట్ల మీద వాండూ గొంతు వినిపించింది. వెనక మెట్ల నుంచి పారిపోయాను."

"పారిపోయి ఊరుకోలేదు. ఆ పిల్ల మీదికి తోశావు."

వాడు రెండు చేతులతో తల కొట్టుకున్నాడు. నాకు జాలేసింది. ఒక్క లెంపకాయ కొట్టాలని కూడా అనిపించింది. రెండూ అణచుకున్నాను.

"బోర్డు ఇప్పుడెక్కడుంది?"

"సార్ రాత్రే ఎలక్ట్రీషియన్‌ని పెట్టి బిగించేశారు. ఇవాళ పన్నెండింటికి వీసీ గారు వచ్చి ప్రారంభిస్తారు."

"ఎక్కడ బిగించారు?"

"క్లినిక్‌లో మేడమ్. జనరేటర్ మనిషిని కూడా ఇక నీతో పని లేదని పొద్దున్నే పంపించేశారు."

* * *

సెక్యూరిటీ ఆఫీసుకి తిరిగి వస్తున్నంతసేపూ మేజర్ చేతికర్ర చంకలో పెట్టుకుని నడిచాడు. లూపర్‌ని ఇద్దరు కాపలావాళ్ళు వెనక తీసుకొస్తున్నారు. గుమ్మం దగ్గర మేజర్ ఆగి, "లాడీ మేడమ్," అన్నాడు, ఈసారి వెటకారం లేకుండా. "పోలీసు బండికి నేను ఫోన్ చేసి చెప్తాను."

"ముందు ఆ పిల్లకి చెప్పండి."

"మీరే చెప్పండి."

నా మనసు తేలికపడింది. పొద్దుటి నుంచి ఊగుతున్న కాలు కూడా ఆగింది. వాండూ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను.

"లే అమ్మా. మొహం కడుక్కో. రెండింటికి డిఫెన్సుకి వెళ్ళు. ఎవరు చేశారో తేలిపోయింది. మీ బోర్డు కూడా దొరికింది."

"ఎక్కడ?" దాని కళ్ళు వెలిగాయి.

"నీకు నవ్వొస్తుంది. మీ గైడు దాన్ని రాత్రే క్లినిక్‌లో పెట్టించాడు. సాతేర్ ఆక్సిజన్ యంత్రాన్ని కాపాడుతున్నది మీ బోర్డే."

అది నవ్వలేదు. నా చెయ్యి తోసేసి లేచి నిలబడింది.

"తీసెయ్యమనండి. ఆంటీ, ఇప్పుడే ఫోన్ చెయ్యండి. తీసెయ్యమనండి!"

"ఎందుకు? ఏమైంది?"

"అది పని చెయ్యదు!"

"డెమోలో పని చేసిందటగా?" అన్నాడు మేజర్.

వాండూ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. నాలుగుసార్లు అడిగినా రాని జవాబు ఇప్పుడు తన్నుకొచ్చింది.

"డెమోలో జనరేటర్‌ని స్టార్ట్ చేసింది బోర్డు కాదు. సాతేర్. బల్ల కింద బటన్ పెట్టుకుని సార్ చూడకుండా నొక్కాడు. ముందు రోజు రాత్రంతా కూర్చున్నా ఆ భాగం కుదరలేదు. అందరూ అలాగే చేస్తారు ఆంటీ. డెమో గట్టెక్కితే తర్వాత నిదానంగా రాసుకోవచ్చని. కానీ ఎంత రాసినా అది కుదరలేదు. నిన్న క్యాంటీన్లో సాతేర్, సార్‌కి నిజం చెప్పేద్దామన్నాడు. చెప్తే ప్రాజెక్టు కొట్టేస్తారు, ఇంకో ఏడాది చదవాలి. నేను ఒప్పుకోలేదు. అరిచింది అందుకే. ఒంటరిగానైనా కూర్చుని దాన్ని సరిచేస్తానని సాతేర్ పైకెళ్ళాడు."

"ఒక్కమాటలో చెప్పు. కరెంటు పోతే ఆ బోర్డు ఏం చేస్తుంది?"

"ఎర్ర దీపం వెలిగిస్తుంది," అంది వాండూ. "అంతే. జనరేటర్‌ని లేపే భాగం ఇంకా లేనే లేదు."

నేను ఫోను తీసి సాతేర్ అమ్మ నంబరు నొక్కాను. రింగవుతోంది. మేజర్ తల పైకెత్తి ఏదో చూస్తున్నాడు. నేనూ చూశాను. ఫ్యాను నెమ్మదించింది. రెక్కలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి. గోడ మీది ట్యూబులైటు ఆరిపోయింది.

క్లినిక్ ఈ ఆఫీసుకి నాలుగు భవనాల అవతల. దాని జనరేటర్ లేస్తే ఈ గది కిటికీ అద్దాలు గలగలలాడతాయని మేజర్ ఎప్పుడూ సణుగుతుంటాడు. ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. అద్దాలు కదల్లేదు.

"జనరేటర్ గది తాళం ఆ మనిషి దగ్గరే ఉంటుంది," అన్నాడు మేజర్. ఆయన గొంతు పీలగా వచ్చింది. "వాడి ఇల్లు నది అవతల."

"పగలగొట్టాలి," అంది వాండూ. "లోపలికెళ్తే నేను చేత్తో లేపగలను. ఎలాగో నాకు తెలుసు."

చెప్పడం అయ్యేలోపే గుమ్మం దాటింది. చెప్పులు కూడా వేసుకోలేదు. నేను దాని వెనకే పరుగు తీశాను. ఖైదీ పారిపోతోందని గేటు దగ్గరున్న కాపలావాళ్ళు కర్రలెత్తి అడ్డంగా ఉరికారు. ఒకడు దాని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. తెల్లటి ఇస్త్రీ చొక్కా భుజం దగ్గర పర్రుమని చిరిగింది.

నా వెనక నుంచి మేజర్ అక్పేరా రొప్పుతూ, సైన్యంలో నేర్చిన గొంతంతా పెట్టి అరిచాడు.

"వదలండ్రా దాన్ని! దారివ్వండి! ఆ పిల్లకి దారివ్వండి!"